ఊరంతటికీ ఒకే కుర్చీ

ఆత్మకూరులో మొన్న జరిగిన ఒక సభలో నేను రాసిన వాక్యాన్ని నాకే చదివి వినిపించారు. పేదరిక నిర్మూలన పనుల్లో చేసిన పాత ఉద్యోగులను పిలిచి శాలువాలు కప్పే సభ అది. చక్కగా మాట్లాడే ఒక యువ అధికారి తెర మీద బొమ్మలు వేస్తూ, దేశం ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో చెప్పుకుంటూ పోయి చివరికి మా పల్లె పేరెత్తాడు. ఎదుగుదల అట్టడుగుదాకా చేరిందనడానికి ఆ ఊరే సాక్ష్యమన్నాడు. కొన్నేళ్ళ కిందట మా శాఖ వేసిన సంచికలో నేను రాసిన వ్యాసం తీసి ఈ ముక్క చదివాడు: "మేం గడప తొక్కిన ప్రతి ఇంట్లోనూ కుర్చీ వేశారు, స్టీలు లోటాతో మంచినీళ్ళిచ్చారు. ఒక తరం ముందు చాప కూడా లేని ఇళ్ళవి." జనం చప్పట్లు కొట్టారు. నా భుజాల మీద శాలువా ఉంది. దాని ప్లాస్టిక్ కవరు పూర్తిగా ఊడక మెడకు గీసుకుంటోంది. పక్కాయన నా చెయ్యి పట్టుకుని ఊపాడు.

ఆ వాక్యంలో ప్రతి మాటా నిజమే. కుర్చీ వేశారు, లోటా ఇచ్చారు. నేను రాయకుండా దాచింది ఒక్కటే. అన్ని ఇళ్ళలోనూ అది ఒకే కుర్చీ, ఒకే లోటా. రెండూ మా ఇంటివి.

మా పల్లె ఉదయగిరి కొండ కింద, కోట గోడలు కంటికి ఆనేంత దగ్గర్లో ఉంటుంది. అంతా మెట్ట. వాన పడితే సజ్జలు, జొన్నలు, శనక్కాయలు పండేవి. పడకపోతే కొండ మీది రాళ్ళకీ మా చేలకీ పెద్ద తేడా ఉండేది కాదు. మాకు ఊళ్ళో అందరికన్నా ఎక్కువ పొలం ఉండేది, అంటే అందరికన్నా ఎక్కువ ఎండిపోయిన పొలం. అయినా ఏ తగువొచ్చినా, ఏ అధికారి వచ్చినా మా వసారాలోకే రావాలి. నాయన తక్కువ మాట్లాడే మనిషి. ఇంటిని నడిపింది నాయన తల్లి, మా అవ్వ వెంగమ్మ. పొద్దున్నే పెరట్లో కూర్చుని చింతపండూ బూడిదా కలిపి తన సామాను తనే తోముకునేది. ఆ పులుపు వాసన, పక్కనే కుండలో ఉడికే సంగటి వాసన, దొడ్లో గొర్రెల వాసన కలిసి ఉంటే అదే మా ఇంట్లో తెల్లవారినట్టు. లోపలి సామాను మీద మరొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. వసారా గూట్లో మాత్రం మూడు గాజు గ్లాసులు బోర్లించి ఉండేవి. అవి బయటివాళ్ళకు. ఎవరు తాగితే వాళ్ళే కడిగి మళ్ళీ అక్కడ బోర్లించి పోవాలి. అవి ఎందుకు వేరుగా ఉన్నాయని నేను ఎప్పుడూ అడగలేదు. ఆకాశం పైనెందుకు ఉందని అడగనట్టే.

అవ్వకు ప్రాణమైన స్టీలు లోటా ఒకటుండేది. ఆత్మకూరు అంగట్లో కొని, అక్కడే పేరు కొట్టించింది. పేర్లు కొట్టే ఆయన తొందరలో మధ్యన సున్న మరిచిపోతే, అవ్వ కదలకుండా నిలబడి దాన్ని రెండక్షరాల మధ్య ఇరికించేదాకా రూపాయి ఇవ్వలేదట. ఆ ఇరుకు సున్నను చూస్తే ఎక్కడున్నా మా లోటా అని చెప్పొచ్చు. కుర్చీ నాయనది. ఇనప మడత కుర్చీ, ఆకుపచ్చ రంగు, వీపు రేకు మీద తెల్ల రంగుతో మా ఇంటిపేరు మొదటి అక్షరం 'క'. ఊళ్ళో ఎవరింటికైనా సంబంధం చూడను వస్తే, డాక్టరు వస్తే, మేష్టారొస్తే ఆ కుర్చీ వెళ్ళేది. అడిగితే అవ్వ కాదనేది కాదు. ఎరువు అడిగి తెచ్చిన కుర్చీ అని చుట్టం ముందు ఎవరూ అనరు. అది మా ఊరి మర్యాద. చుట్టం అడిగినా "ఉండాదిలే, కూర్చోండి" అనేవాళ్ళు. చుట్టం వెళ్ళిపోయాక మా జీతగాడు పెంచలయ్య దాన్ని నెత్తిన బోర్లించుకుని తెచ్చేవాడు. అవ్వ దాని మీద నాలుగు బిందెల నీళ్ళు గుమ్మరించి, ఎండలో ఆరబెట్టించి, అప్పుడు లోపలికి రానిచ్చేది.

ఊరి చివరి వీధిలో కర్ర గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్ళు ఉండేవాళ్ళు. ఆ వీధిలోకి అడుగుపెడితే పచ్చి నర్ది కర్ర వగరు వాసన ముక్కుకు తగిలేది. మస్తాన్ మొద్దు మీద కూర్చుని బాడిశతో చెక్కి వేస్తుంటే అతని భార్య ఇమాంబీ వాటిని ఆకురాయితో రాసి, గరుకు కాగితంతో నునుపు చేసేది. ఇద్దరి జుట్టూ, కనురెప్పలూ పొట్టుతో తెల్లగా ఉండేవి. మస్తాన్‌కు ఎప్పుడూ దగ్గే. ఇమాంబీ నాకన్నా పదేళ్ళు పెద్ద. నా చిన్నప్పుడు బడి నుంచి వస్తుంటే పిలిచి, పిడికి చిలక బొమ్మ చెక్కిన చిన్న చెంచా ఇచ్చింది. "దీంతో చక్కెర తిను అబ్బయ్యా, తియ్యదనం ఎక్కువుంటాది" అంది. ఇంటికి తెచ్చి డబ్బాలో పెట్టబోతే అవ్వ నా చేతిలోంచి లాక్కుని పొయ్యిలో వేసింది. బాగా ఎండిన కర్ర, ఇట్టే కాలిపోయింది. నేను ఏడవలేదని నాకు గుర్తు. ఏడ్చి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

నేను డిగ్రీ పూర్తి చేసి ఊరి మీద తిరుగుతున్న రోజుల్లో ఆఫీసుల్లోకి ఒక కొత్త మాట వచ్చింది. దేశం తలుపులు తెరిచింది, ఎదుగుతోంది, ఇంక అందరికీ చవక బియ్యం ఇవ్వనక్కర్లేదు, నిజమైన పేదలను ఏరి వాళ్ళకే ఇస్తే చాలు అన్నారు. ఆ ఏరే పనికి చదువుకున్న కుర్రవాళ్ళు కావాలి. నాకు తాత్కాలికంగా ఆ పని దొరికింది. ఇంటింటికీ తిరిగి కాగితం నింపాలి. ఇల్లు ఎట్లాంటిది, ఎన్ని పూటలు తింటారు, కుర్చీ ఉందా, స్టీలు సామాను ఉందా. ఒక్కో దానికి కొన్ని మార్కులు. మార్కులు దాటితే పేదలు కాదు. ఆత్మకూరులో రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. సఫారీ వేసుకున్న ఒకాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. "వాళ్ళు ఏదడిగినా లేదనే అంటారు. చెప్పింది రాయొద్దు, కంటికి కనపడింది రాయండి." ఆ మాట నాకు చాలా తెలివైనదిగా తోచింది. కనపడేదంతా ఎవరు తెచ్చిపెట్టారన్న ప్రశ్న ఆ కాగితంలో ఎక్కడా లేదు.

మా ఊరు నాకే పడింది. మొదటి రోజు పొద్దున అవ్వ నాకు గంజిలో మజ్జిగ పోసిస్తూ అంది. "ఇల్లిల్లూ తిరగతావంట గదా. వాళ్ళ చెంబులతో నీళ్ళు తాగేవు! నా లోటా పెంచలయ్య చేతికిచ్చి పంపతా, వచ్చినాక తోముకుంటాలే. కుర్చీ గూడా పంపతా. యాడంటే ఆడ కూలబడబాక."

"సూపర్‌వైజర్ గూడా వస్తాడవ్వా."

"ఆయన పేరేంది?"

"ఏసుదాసు."

అవ్వ మజ్జిగ ముంత కింద పెట్టింది. "గూట్లోది ఒక గ్లాసు పంపతాలే" అంది.

మొదటి ఇల్లు ఇమాంబీది. మేం వెళ్ళేసరికే వాకిట్లో ఆకుపచ్చ కుర్చీ వేసి ఉంది. పెంచలయ్య దూరంగా గోడ నీడన బీడీ ముట్టించుకుంటున్నాడు. నేను ఏసుదాసు గారిని కుర్చీలో కూర్చోమన్నాను. ఆయన నవ్వి, "రాసేది నువ్వు గదా, కూర్చో" అని మస్తాన్ చెక్కే మొద్దు మీద కూర్చున్నాడు. నాకు లోటాతో నీళ్ళొచ్చాయి. ఆయనకు గాజు గ్లాసుతో వచ్చాయి. ఆయన ఆ గ్లాసు చూశాడు, నా చేతిలోని లోటా చూశాడు, నీళ్ళు తాగాడు.

నేను ప్రశ్నలు పైకి చదువుతున్నాను. కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఇమాంబీ నవ్వింది. "కుర్చీ యాడిది..." అని మొదలుపెట్టింది. మస్తాన్ ఆమె మాట పూర్తికానివ్వలేదు. "ఉండాదిలే సార్. మీరు కూర్చున్నారు గదా" అన్నాడు. ఇంటికొచ్చిన మనిషి ముందు ఎరువు సంగతి ఎత్తకూడదన్న మర్యాద అతనితో ఆ మాట అనిపించింది. ఏసుదాసు గారు నా వైపు చూసి, "కుర్చీ ఉండాది. రాసుకో" అన్నాడు.

నేను ఒక్క మాట అంటే సరిపోయేది. రెండే అక్షరాలు: మాది. కానీ మాది అంటే ఆయన, "మీదయితే ఇక్కడికెందుకొచ్చింది?" అనేవాడు. అప్పుడు మా అవ్వ సంగతి చెప్పాలి. అది చెబితే ఆయన చేతిలోని గాజు గ్లాసు సంగతీ చెప్పినట్టే. నా పైఅధికారి ఆయన. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గు మా ఇంటి అలవాటు చూసి కాదు, అది బయటపడుతుందేమోనని. కుర్చీ దగ్గర ఉంది అని టిక్కు పెట్టాను. స్టీలు సామాను అన్నచోట చేతిలోని లోటా వైపు చూశాను. ఇరుకు సున్నతో అవ్వ పేరు నా బొటనవేలి కిందే ఉంది. వేలు దాని మీద నుంచి తియ్యకుండానే అక్కడా టిక్కు పెట్టాను.

ఒక్క ఇంట్లో అట్లా రాశాక మిగతా ఇళ్ళలో మరోలా రాయడానికి వీల్లేకపోయింది. నేను ఒక ఇంట్లో కాగితం నింపుతుండగానే పెంచలయ్య పక్కింటికి సిద్ధమయ్యేవాడు. నేను లేవగానే కుర్చీ మడిచి నెత్తిన పెట్టుకుని, లోటా చూపుడు వేలికి తగిలించుకుని నాకన్నా ముందు నడిచేవాడు. "ఈ కుర్చీకి జరిగే మర్యాద నాకు నా పెళ్ళిలో గూడా జరగలా అబ్బయ్యా" అనేవాడు. గొల్లల వీధిలో పోలమ్మ అనే ఆమె, గొర్రెలు కాసే పిల్లికళ్ళ మనిషి, గుడిసె ముందు నిలబడి, "దీన్ని యాడ పెట్టాల పెంచలయ్యా? గొర్రిపిల్లలు దాని కింద దూరి ఉచ్చ పోస్తాయి, వెంగమ్మవ్వ మళ్ళా బావి తోడాల" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆమె కాగితంలోనూ టిక్కు పెట్టాను. అందరిళ్ళలోనూ మూడు పూటలా తింటామనే చెప్పారు. చుట్టం ముందు తినలేదని ఎవరంటారు? దాన్నీ అట్లానే రాశాను. మిగతా ఊళ్ళకన్నా మా ఊరి పని ముందు ముగిసిందని, చాలా శ్రద్ధగా చేశానని ఆత్మకూరులో మెచ్చుకున్నారు. తాత్కాలికం పోయి నా ఉద్యోగం ఖాయమైంది. నేను కట్టుకున్న ఇల్లు, నా పిల్లల చదువులు ఆ టిక్కుల మీద నిలబడినవే.

జాబితా చదివి వినిపించడానికి బడి వసారాలో గ్రామసభ పెట్టారు. అధికారి కూర్చోవడానికి బడిలో ఉన్న ఒక్క కుర్చీకీ కాలు విరిగింది. పెంచలయ్య మా కుర్చీ తెచ్చి వేశాడు. ఏసుదాసు గారు ఈసారి దానిలోనే కూర్చున్నాడు. నేను పక్కన బెంచీ మీద. బల్ల మీద నా ముందు అవ్వ లోటా, ఆయన ముందు గాజు గ్లాసు. నాయన స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పేర్లు చదివాక ఇమాంబీ ముందుకొచ్చింది. ఒంటి మీది పొట్టు కూడా దులుపుకోలేదు.

"సార్, మా తెల్లకార్డు తీసేసినారంట. ఎందుకని?"

ఆయన కాగితాలు తిప్పాడు. "మీకు మార్కులు ఎక్కువొచ్చినాయమ్మా. ఇంట్లో కుర్చీ ఉండాది, స్టీలు సామాను ఉండాది. మీ ఆయనే చెప్పినాడు. నేనూ ఆడనే ఉన్నా."

"ఆ కుర్చీ ఏం రంగు సార్?"

"రంగు రాయరమ్మా."

ఇమాంబీ నాలుగడుగులు వేసి ఆయన వెనక్కి వెళ్ళి కుర్చీ వీపు చూసింది. "పచ్చరంగు. వీపు మీద తెల్లగా ఏందో రాసుండాది. అయితే ఇదే. లెయ్యండి సార్. మీరు కూర్చున్నది నా కుర్చీ. ఇంటికి తీసకపోతా."

వెనక నుంచి పోలమ్మ అరిచింది. "నీ ఒక్కదానిదే ఎట్టా అయితాదే? మా ఇంటో గూడా ఉండాదని రాసినారు. నాకు ఒక కాలన్నా రావాల!"

"నాకు వీపు రేకియ్యండి, సంగటి కుండ మీద మూత లేదు" అంది ఇంకొకామె. బడి వసారా దద్దరిల్లేటట్టు నవ్వారు. ఏసుదాసు గారు సగం లేచి, మళ్ళీ కూర్చున్నాడు. ఇమాంబీ నవ్వలేదు. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడేసరికి నవ్వులు ఆగిపోయాయి. ఎప్పుడూ అబ్బయ్యా అని పిలిచే మనిషి ఆ రోజు మొదటిసారి నన్ను సార్ అంది.

"సార్, నువ్వు చెప్పు. ఈ కుర్చీ ఎవురిది? మాదయితే మాకిచ్చెయ్. మీదయితే మీదని ఆ కాగితంలో రాయి. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు."

నాయన నా వైపు చూశాడు. ఏసుదాసు గారు నా వైపు చూశాడు. ఊరంతా చూసింది. శిక్షణలో నేర్చుకున్న మాట ఒకటి నా నోట్లో సిద్ధంగా ఉంది. "పరిశీలిస్తాం" అన్నాను.

అబద్ధం చెప్పినా కొంత నయం. దాన్ని ఎవరైనా పట్టుకోవచ్చు. నేనన్న మాటకు పట్టు లేదు.

ఇమాంబీ బల్ల మీది లోటా ఎత్తింది. "ఇదన్నా నాదే గదా" అని పెదాలకు ఆనించుకుని, తొందర లేకుండా, చివరి చుక్కదాకా తాగింది. మూతి తుడుచుకుని లోటా పట్టుకుని వెళ్ళిపోయింది. ఎవరూ ఆపలేదు. సంగతి విని అవ్వ, "అది నోరు పెట్టిందంట గదా. ఇంక అది నాకెందుకు, ఉంచుకోమను" అంది. నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. ఇమాంబీ ఇంట్లో బియ్యం ఆగిపోయాయని కాదు, లోటా పోయిందని. కుర్చీ మాత్రం పెంచలయ్య నెత్తిన ఇంటికొచ్చి, బావి దగ్గర స్నానం చేసి, తన చోట తాను నిలబడింది.

గ్రామసభ అయిన సాయంత్రం ఏసుదాసు గారూ నేనూ జీపులో ఆత్మకూరుకు తిరిగి వస్తున్నాం. అనంతసాగరం మలుపు దాటాక ఆయన అన్నాడు. "నాకు గాజు గ్లాసు ఎందుకొచ్చిందో మొదటి ఇంట్లోనే నాకు తెలుసయ్యా. నువ్వు చెప్తావేమోనని చూసినా."

"మీరే అడిగుండొచ్చు గదా సార్."

"అడిగితే కాగితాలన్నీ మళ్ళా రాయాల. ఎన్ని పేర్లు తగ్గించాలో పైనుంచి ముందే చెప్పున్నారు." ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "మీ ఇంటి గ్లాసు నాకు కొత్తగాదు. నేను చేసిన పని నాకు కొత్త."

ఆయన తర్వాత వేరే జిల్లాకు వెళ్ళిపోయాడు. మళ్ళీ మేం ఎప్పుడూ కలవలేదు.

ఇమాంబీ ఒకసారి ఆత్మకూరు ఆఫీసుకు వచ్చింది. మధ్యాహ్నం, అందరూ అన్నాలు తిని బల్లల మీద కునికే వేళ. బస్టాండు నుంచి నడిచొచ్చింది. "బియ్యం సంగతి వదిలెయ్ సార్. ఎట్టనో తింటాం. ఆయనకు దగ్గుతో నెత్తురు పడతుండాది. నెల్లూరు పెద్దాస్పత్రిలో తెల్లకార్డు అడగతుండారు. ఆ కుర్చీ మాదిగాదని ఒక్క ముక్క రాసియ్యి, చాలు." నా కోసం గుడ్డలో చుట్టి రెండు గరిటెలు తెచ్చింది. నేను ఆమెకు టీ తెప్పించాను. ఆమె అర్జీ తీసుకుని సొరుగులో పెట్టాను. అది బయటికొస్తే నా సంతకం ఉన్న కాగితాలన్నీ బయటికొస్తాయి. "పరిశీలిస్తాం" అన్నాను, రెండోసారి. ఆ ఏడాది వానలకు మస్తాన్ పోయాడు. నేను వెళ్ళలేదు. ఆ గరిటెలు మాత్రం మా వంటింట్లో చాలా ఏళ్ళు వాడుకున్నాం. మంచి కర్ర, అరగలేదు.

పేదరికం తగ్గలేదని నేను అనడం లేదు. తగ్గింది, కళ్ళతో చూస్తున్నాను. మా పల్లెకు తారు రోడ్డు పడింది. గుడిసెల చోట మిద్దెలొచ్చాయి. గొల్లల వీధిలో పోలమ్మ మనవడు గొర్రెలను ట్రక్కులో ఎక్కించి ఫోనులో బేరం చేస్తాడు. పొయ్యిలో ఊదే గొట్టం ఎట్లా ఉంటుందో ఇప్పటి పిల్లలకు తెలియదు. మా అవ్వ గూట్లోని గాజు గ్లాసులు పగిలిపోయాయి, మళ్ళీ ఎవరూ కొనలేదు. కానీ ఇదంతా వాళ్ళు బెంగళూరులో సిమెంటు మోసి, నెల్లూరు చెరువుల్లో రొయ్యలు పట్టి, సంఘాల్లో కూడబెట్టుకుని ఏళ్ళ తరబడి తెచ్చుకున్నది. మేం అదంతా జరగకముందే జరిగిపోయిందని రాసేశాం. తగ్గిందని మేం రాసిన రోజుకూ, నిజంగా తగ్గిన రోజుకూ మధ్య పెద్ద ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పడిపోయినవాళ్ళ మీదుగా నడిచి వచ్చి మేం శాలువాలు కప్పించుకుంటున్నాం. తెర మీద ఎగబాకే ఆ గీత చూసినప్పుడల్లా, అందులో ఒక చిన్న మెట్టు మా ఇనప కుర్చీ అని నాకు తెలుసు. ఇంకెన్ని ఊళ్ళలో ఇంకెన్ని కుర్చీలు తిరిగాయో నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అంతగా రోత పుట్టింది.

నాయన పోయాక పంపకాల్లో ఆ కుర్చీ నా వాటాకు వచ్చింది. ఆత్మకూరులో మా మిద్దె మీద ఎండకు పడి ఉండేది. సభ అయిన మూడో రోజు దాన్ని దించి, దుమ్ము తుడిచి, ఉదయగిరి బస్సెక్కించాను. ఎందుకని నన్నడిగితే అప్పుడు గొప్పగా ఏదో చెప్పి ఉండేవాణ్ణి. అన్యాయం సరిదిద్దుతున్నానని, ఆమెది ఆమెకు అప్పగిస్తున్నానని. దారంతా ఆ మాటలు మనసులో నేర్చుకుంటూ వెళ్ళాను.

ఇమాంబీ ఇల్లు అదే వీధిలో ఉంది, ఇప్పుడు రేకుల పంచ దించారు. డెబ్బై దగ్గరపడిన మనిషి పంచలో కూర్చుని చెంచాలకు నూనె రాస్తోంది. వెనక లోపల కోత మిషను చప్పుడు. చుట్టూ నాలుగైదు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. వాటి మధ్య నా ఇనప కుర్చీ నిలబెడితే ముసలి బిచ్చగాడిలా ఉంది. ఆమెకు నన్ను గుర్తుపట్టడానికి ఎక్కువసేపు పట్టలేదు. "కూర్చో సార్" అని ప్లాస్టిక్ కుర్చీ చూపించి, లేచి మోకాళ్ళు పట్టుకుంటూ ఎదురంగడికి వెళ్ళి, సీలు వేసిన నీళ్ళ బాటిలు కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది.

గూట్లో, చెంచాల కట్టల పక్కన లోటా ఉంది. ఇరుకు సున్న అక్కడినుంచే కనపడింది.

"బాటిలెందుకు ఇమాంబీ, ఆ లోటాతో ఇయ్యి, తాగుతా" అన్నాను. ఆ మాట కూడా నేర్చుకుని వచ్చిందే.

ఆమె లోటా వైపు చూడనైనా చూడలేదు. "అది నాది సార్. దాంట్లో నేనొక్కదాన్నే తాగతా" అంది.

కుర్చీ ముందుకు జరిపాను. "ఇది నీకిద్దామని తెచ్చినా. అప్పుడే ఇయ్యాల్సింది. కాగితంలో నీదని రాసిన కుర్చీ."

ఇమాంబీ చెంచాకు నూనె రాయడం ఆపింది. కుర్చీని కింది నుంచి పైదాకా చూసింది. వీపు మీది తెల్ల అక్షరం సగం చెదిరిపోయింది. "ఓహో" అంది. "కాగితంలో రాసిన అబద్ధాన్ని ఇప్పుడు నిజం చేసుకోను వచ్చినావా?"

"అది కాదు..."

"మరేంది? ఇన్నేళ్ళకు ఈ కుర్చీ నా ఇంటికొస్తే నువ్వు రాసింది నిజమైపోలా?" గొంతు పెంచలేదు, పొట్టు ఊదినట్టు మామూలుగా అంది. "నాకిప్పుడు కార్డుండాది సార్, అన్నమూ ఉండాది. అప్పుడు లేకపాయె. ఆయన దగ్గతా ఇదే వాకిట్లో కూర్చోని అడిగేటోడు, ఆ అబ్బయ్య ఏమన్నా రాసిచ్చినాడా అని. పరిశీలిస్తాండారంట అని చెప్పతా ఉన్నా. నేను గూడా ఆయనకు అబద్ధాలు చెప్పినా, నీ మాట పట్టుకోని."

మిషను ఆగింది. లోపలి నుంచి ఎవరో ఏదో అడిగితే ఆమె జవాబిచ్చి మళ్ళీ నా వైపు తిరిగింది.

"కుర్చీ మీదని చెప్పమన్నా సార్. ఇమ్మనలా. ఎత్తుకోని పో."

ఎత్తుకున్నాను. చేత్తో పట్టుకుంటే మడత కుర్చీ మోకాలికి తగులుతూ నడవనివ్వదు. వీధి సగం దాటేసరికి ఇక లాభం లేక దాన్ని పెంచలయ్య లాగే నెత్తిన బోర్లించుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు పెద్దవాళ్ళు తల తిప్పి చూశారు. నన్నో, కుర్చీనో గుర్తుపట్టారో లేదో తెలియదు. నీళ్ళ బాటిలు ఆమె పంచలోనే సీలు తియ్యకుండా వదిలి వచ్చాను.

ఆత్మకూరు మీదుగా పోయే నెల్లూరు బస్సులో కుర్చీని సీట్ల మధ్య ఇరికించి పక్కనే నిలబడ్డాను. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వచ్చి దాన్ని కాలితో తట్టాడు. "ఈ కుర్చీ ఎవురిదండీ?" అని బస్సంతా వినపడేటట్టు అడిగాడు.

"మాది" అన్నాను.

"లగేజీ టికెట్టు తీయాల" అన్నాడు.